పిలువని ప్రకటనలు

తెనాలిలో గాని, బాపట్ల, రేపల్లెలలో గాని గోడపై ప్రకటన అంటించువాడు ఇంటివారి నడుగుట మర్యాద. కంప్యూటరులో చేరు ప్రకటనల ప్రోగ్రాములును పలుమారు అడిగియే చేరును. మనము చదువక "సరే" యందుము. ఉచితముగా వచ్చు ఆటను దింపుకొనునపుడు, చిన్న అక్షరముల నడుమ అంగీకారపు గుర్తు ముందే పెట్టబడి యుండును. ఆటవెంట ఆ ప్రోగ్రామును లోనికి వచ్చును.

2017లో బయటపడిన ఫైర్‌బాల్ ఇట్టిదే. అది బ్రౌజరు మొదటి పుటను, సెర్చి పుటను మార్చి, ప్రకటనల వలన ధనము గడించెడిది. ప్రపంచమున 25 కోట్ల కంప్యూటర్లకు, అందు మన దేశమున రెండున్నర కోట్లకు సోకినదని చెక్ పాయింట్ సంస్థ అంచనా కట్టెను. ఆ లెక్క హెచ్చై యుండునని మైక్రోసాఫ్టు వారి యభిప్రాయము.

"మీ కంప్యూటరు చెడినది, ఇచ్చట నొక్కుడు" అని తెరపై కేక కనబడినచో నొక్కరాదు. తరచుగా ఆ రోగమును, ఆ వైద్యుడును ఒక్కరే! ఆ వేషధారికి తండ్రిగారి బ్యాంకు కార్డు అంకెలు చెప్పితిరా, ఇంటి సొమ్మే పోవును. బ్రౌజరును మూసి, సెట్టింగులలో ప్రోగ్రాముల పట్టిక తెరచి, ఇటీవల చేరినవానిని పరిశీలింపుడు. మీరు కోరని దానిని తొలగింపుడు. అయితే పేరు తెలియనిదెల్ల దొంగ కాదు. కంప్యూటరు నడచుటకు వలసినవియు అందుండును. సందేహమైనచో తెలిసినవారి నడుగుడు. పిదప బ్రౌజరులోని ఎక్స్‌టెన్షన్లను, నోటిఫికేషన్లకిచ్చిన అనుమతులను చూడవలెను. ఈ రెండవదానిని చాలమంది మరతురు.

అప్పటికిని వదలనిచో, భారత ప్రభుత్వము 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము చెడు ప్రోగ్రాములను తొలగించు పనిముట్లను ఉచితముగా నిచ్చుచున్నది. వానిని ఆ కేంద్రపు వెబ్‌సైటు నుండియే తీసుకొనవలెను గాని, ఆ పేరుతో తెరపైకి దుమికిన ప్రకటన నుండి కాదు.