పేరు మాత్రము మిగిలిన చోట్లు

హైదరాబాదులో అఫ్జల్‌గంజ్, గౌలిగూడ ప్రాంతములందు చిరకాలముగా నివసించువారిని దారి అడిగినచో, వారు తరచుగా ఇప్పుడు లేనిదానినే గుర్తుగా చెప్పుదురు. హ్యాంగరు ప్రక్కగా పొండందురు. ఆ హ్యాంగరు 2018 జూలై 5వ తేదీ ఉదయమున కూలిపోయినది. క్రొత్తవారికి ఈ మాట చిక్కు కలిగించును. పాతవారికి మాత్రము అది ఇంకను అచ్చటనే యున్నది.

ముందుగా ఈ హ్యాంగరు సంగతి చూతము. నిజాం రాష్ట్ర రైల్వేవారి రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను మొదలైనది. విల్లువలె వంగిన ఉక్కు కప్పుగల గౌలిగూడ కొట్టము దాని బస్సులకు నెలవైనది. దానికి మిసిసిపి హ్యాంగరని వాడుక. విమానములకొరకు అమెరికానుండి తెప్పించిరని పెద్దలు చెప్పుదురు. 1994లో మహాత్మాగాంధీ బస్సు స్టేషను ఏర్పడువరకు జిల్లాల బస్సులు ఇచ్చటినుండియే బయలుదేరెడివి. ఆ పిమ్మట ఇది నగరపు బస్సులకు విడిది అయినది.

పల్లెనుండి చదువునకో, కొలువునకో వచ్చిన యెందరికో నగరముయొక్క తొలి దర్శనము ఈ కప్పు క్రిందనే జరిగినది. అందుచేత దాని కొలతలు, కట్టిన తీరు వారికి పట్టవు. రేకులపై వానచప్పుడు, ఊళ్ల పేర్లు చెప్పి కేకవేయు కండక్టర్లు, పెట్టె మోయుటకు బేరమాడు హమాలీలు - వారి జ్ఞాపకమున నిలిచినవి ఇవియే. కూలుటకు కొలది దినములముందే ప్రమాదమును శంకించి బస్సులను ఆపివేసిరి గనుక ప్రాణనష్టము తప్పినది.

వస్తువు పోయినను పేరు నిలుచుట ఈ ప్రాంతమున సామాన్యము. మూసీ నడుమనున్న నేటి బస్సు స్టేషనును జనులు ఇమ్లీబన్ అందురు. చింతతోపని ఆ మాటకు అర్థము. గౌలిగూడ యను పేరిలో పాలవారున్నారు. కొంచెము పైకి పోయినచో ఆబిడ్స్ వచ్చును. ఆరవ నిజాము కొలువులోని ఆల్బర్ట్ ఆబిడ్ అనునతని దుకాణమువలన ఆ పేరు కలిగినది. దుకాణము పోయినది, పేరు మాత్రము ఒక పేటయంతటికిని అమరినది.

కొన్ని జ్ఞాపకములు ఇప్పుడు విన్నవారివే గాని కన్నవారివి కావు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదలో వేలకొలది జనులు మరణించిరి. ఒడ్డుననున్న కోల్సావాడి యను పేట నాశనమైనది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. తాతలు చెప్పగా విన్న మనుమలు నేడు తాతలై ఈ సంగతి చెప్పుచున్నారు. చెట్టు ఉస్మానియా ఆసుపత్రిలో నిలిచియున్నందున ఈ కథ చెదరలేదని మా యభిప్రాయము. కోల్సావాడికి అట్టి గుర్తేమియు లేదు. ఆ పేరెత్తువారును అరుదు.

పెద్దలు చెప్పినదెల్ల చరిత్రయగునా? కానక్కరలేదు. బస్సుల నంబర్లలో జెడ్ అను అక్షరము ఏడవ నిజాము తల్లి జహ్రా బేగము పేరిట వచ్చినదని ఈ పేటలో గట్టిగా చెప్పుదురు. ఇది కాగితములతో సరిచూడవలసిన మాట. అయినను బస్సును తమ యింటిదానివలె భావించిన ఒక తరముయొక్క అభిమానము అందు వినవచ్చుచున్నది. దీనిని కొట్టివేయుటకు మాకు మనసొప్పదు.

కనుక పెద్దల మాటలను ధ్వనిముద్రణ చేయగోరువారు ఇచ్చట ఏమి యుండెనని అడుగరాదు. పెద్దపెద్ద భవనముల పేర్లు రెండు చెప్పి ఊరకుందురు. బడికి ఏ దారిన పోయెడివారు, ఎక్కడ నిలిచి నీళ్లు త్రాగెడివారు అని అడుగవలెను. 2003లో నిలిచిపోయిన రెండంతస్తుల బస్సునుగూర్చి అడిగినచో, పై అంతస్తున ముందు సీటుకొరకు పడిన తగవులు మొదలుకొని చెప్పుకొనిపోవుదురు.

ఈ పని ఆలస్యమునకు ఓర్వదు. పాత నగరపు ప్రాకారద్వారములలో పురానాపూల్, దబీర్‌పురా ద్వారములు మాత్రమే మిగిలియున్నవి. నయాపూల్ చెంతనుండిన అఫ్జల్ దర్వాజాను పడగొట్టిరి. దాని క్రిందుగా నడచినవారు ఈ పేటలో ఇంకను ఉన్నచో, వారి వయస్సు ఎనుబదికి దగ్గరలో నుండును.