బంతి పైకి కనిపిస్తేనే ఆట!

వీడియోగేమ్ పార్లర్లో అరచేత్తో తిప్పే బంతిని ఇంట్లో చేసిన చెక్కపెట్టెలో బిగించాలి. చూడ్డానికి తేలికే... చేయబోతేనే తెలుస్తుంది తిరకాసు. అయినా ఆ కష్టం పడొచ్చు. జాయ్‌స్టిక్‌ను పట్టుకోలేని చేతులు కూడా ఆ బంతితో ఆడగలవు మరి!

కడుపులో బిడ్డ ఎలా ఉందో చూపించుకోవడానికి స్కానింగ్ కేంద్రానికి వెళ్లినవాళ్లు గమనించే ఉంటారు. డాక్టరు ఒక చేత్తో పొట్టమీద పరికరాన్ని కదుపుతుంటే, రెండో చెయ్యి యంత్రం మీటల మధ్య ఉన్న ఓ చిన్న బంతిని దొర్లిస్తుంటుంది. బంతి ఉన్నచోటే ఉంటుంది. తెరమీద గుర్తు మాత్రం పరుగెడుతుంది. దాని పేరే ట్రాక్‌బాల్. ఒకప్పుడు వీడియోగేమ్ పార్లర్లను ఊపేసింది కూడా ఇదే.

పార్లర్లు మూతపడ్డా ఆ ఆటల మీద మోజు పోలేదు. పాత ఆర్కేడ్ ఆటలను మామూలు కంప్యూటర్లో నడిపించే 'మేమ్' అనే సాఫ్ట్‌వేర్‌ను ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో విడుదల చేశాడు. ఆట దొరికింది సరే, కీబోర్డు మీద ఆడితే ఆ మజా ఏదీ! అందుకే ప్లైవుడ్ పలకలతో పెట్టెలు చేసి, వాటికి బొత్తాలూ బంతీ బిగించుకోవడం ప్రపంచవ్యాప్తంగా ఓ సరదాగా మారింది. (ఆటల మీద హక్కులు మాత్రం వాటి కంపెనీలవే. 2022లో వచ్చిన 'అటారీ 50' లాంటి సంకలనాలు కొనుక్కుంటే ఏ పేచీ ఉండదు.)

యుద్ధనౌక నుంచి ఆటల గదికి...

మౌస్ ముందు పుట్టిందా, ట్రాక్‌బాల్ ముందు పుట్టిందా అంటే చాలామంది మౌసే అంటారు. కాదు! 1946లోనే బ్రిటిష్ నౌకాదళం కోసం పనిచేస్తున్న రాల్ఫ్ బెంజమిన్, రాడార్ తెరమీద విమానాల జాడను గుర్తించడానికి ఇలాంటి బంతి పరికరాన్ని రూపొందించాడు. సైనిక రహస్యం కాబట్టి బయటికి పొక్కలేదు. 1952లో కెనడా నౌకాదళానికి 'డేటార్' అనే వ్యవస్థను తయారుచేసిన ఇంజినీర్లు బంతి కోసం ఎక్కడో వెతకలేదు. తమ దేశంలో ఆడే ఫైవ్‌పిన్ బౌలింగ్ ఆట బంతినే తెచ్చి అమర్చారు. అంటే, యుద్ధం కోసం చేసిన ఆ యంత్రంలోనూ ఉన్నది ఆటబంతే! ఇక 1964 ప్రాంతంలో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్, బిల్ ఇంగ్లిష్‌లు చేసిన తొలి మౌస్... చెక్కతో చేసిందే. ఇంట్లో చెక్కపెట్టె చేస్తుంటే నవ్వేవాళ్లకు ఈ సంగతి చెప్పొచ్చు.

1978లో వచ్చిన 'అటారీ ఫుట్‌బాల్'తో బంతికి పార్లర్లలో పేరొచ్చింది. గెలవాలంటే దాన్ని ఎంత వేగంగా తిప్పితే అంత మంచిది. దాంతో ఆడినవాళ్ల అరచేతులు బొబ్బలెక్కేవి. 1980లో 'మిసైల్ కమాండ్' వచ్చింది. ఆకాశం నుంచి రాలే క్షిపణుల నుంచి ఆరు నగరాలను కాపాడుకోవాలి. అది తయారుచేసిన డేవ్ థ్యూరర్‌కు చాలాకాలం అణుయుద్ధపు పీడకలలు వచ్చాయట. 1981లో డోనా బెయిలీ, ఎడ్ లాగ్ కలిసి చేసిన 'సెంటిపీడ్' మాత్రం జెర్రిని వేటాడే సరదా ఆట. ఆడపిల్లలు కూడా పార్లర్లకు వెళ్లి ఎగబడి ఆడిన తొలి ఆటల్లో అదొకటి.

18 మిల్లీమీటర్ల చిక్కు

ఇక పనిలోకి దిగుదాం. ఆర్కేడ్ బంతులు సాధారణంగా రెండు కొలతల్లో ఉంటాయి. రెండుంపావు అంగుళాలది పూల్ బంతంత, మూడంగుళాలది క్రికెట్ బంతి కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. మూడంగుళాలంటే 76 మిల్లీమీటర్లు. బంతి పైకి ఎగిరిపోకుండా ఉండాలంటే పలకకు పెట్టే రంధ్రం దానికన్నా చిన్నగా ఉండాలి కదా! 70 మి.మీ. అనుకుందాం. వడ్రంగి 18 మి.మీ. ప్లైవుడ్‌కు చక్కగా గుండ్రని రంధ్రం వేసిచ్చాడు. కింద బంతి పెట్టి చూస్తే... పైకి కనిపించేది 5 మిల్లీమీటర్లే! చిటికెనవేలి గోరంత. అరచెయ్యి దానికి ఆనను కూడా ఆనదు.

తప్పు వడ్రంగిది కాదు, లెక్కది. బంతి వెడల్పు 70 మి.మీ. ఉన్నచోట పలక అడుగు అంచు దానికి తగిలి ఆపేస్తుంది. ఆ చోటు బంతి నడుముకు 15 మి.మీ. పైన ఉంటుంది. అక్కడి నుంచి నెత్తి వరకు మిగిలింది 23. అందులో 18 పలక మందానికే సరి.

మందు ఒకటే. రంధ్రం చుట్టూ పలకను అడుగువైపు నుంచి చెక్కి, 4 మి.మీ. మాత్రమే మిగల్చాలి. రాసుకోకుండా ఓ మిల్లీమీటరు సందు వదిలినా బంతి 18 మి.మీ. పైకి వస్తుంది. రూటర్ ఉంటే పది నిమిషాల పని. ఉలితో అయితే ఓపిక కావాలి. కానీ 4 మి.మీ. ప్లైవుడ్ మీద పిల్లలు బలంగా మోపితే విరగొచ్చు. కాబట్టి ఆ మేర చెక్క మొత్తం కోసేసి, పైన ఇనుప రేకు పలకను బిగించడమే మేలు. స్క్రూల పొడవూ చూసుకోవాలి. పలచనైన చోట కిందనుంచి అరంగుళం స్క్రూ బిగిస్తే, దాని మొన పైన ఆడేవాళ్ల మణికట్టుకే తగులుతుంది!

బంతి దేనితో చెయ్యాలి? ఏటికొప్పాక లక్కబంతి పెడితే ముచ్చటగా ఉంటుందనిపిస్తుంది. ఉంటుంది కూడా. కానీ చెక్క తేలిక. ఒకసారి తిప్పి వదిలితే వెంటనే ఆగిపోతుంది. బరువైన బంతి అయితేనే చెయ్యి తీశాక కూడా కాసేపు దొర్లుతుంది. పైగా చెక్క గుండ్రనం ఎన్నాళ్లో నిలవదు. పూల్ బంతుల్లా రెజిన్‌తో చేసిన బంతే సరైనది.

ఎర్రదుమ్ము పరీక్ష

ఇదే పెట్టెను అనంతపురం లాంటి చోట చేస్తే ఇంకో రెండు పరీక్షలుంటాయి. ఏడాదికి సగటున 550 మి.మీ.కు అటూఇటూ వాన పడే ఆ పీఠభూమిలో ఎండకూ, గాలికీ, ఎర్రదుమ్ముకూ కొదవలేదు. ఎండలకు చెక్క కుంచించుకుపోయి బండిచక్రం వదులవడం పల్లెల్లో పెద్దవాళ్లకు తెలిసిన సంగతే. మొద్దుచెక్క పలక అడ్డంగా కుంచించుకుపోతుంది, నిలువుగా పెద్దగా మారదు. దాంతో గుండ్రని రంధ్రం కాస్తా కోడిగుడ్డులా తయారై బంతిని ఒకవైపు పట్టేస్తుంది. పొరలను అడ్డంగా నిలువుగా అతికించిన ప్లైవుడ్‌కు ఈ బాధ తక్కువ. పాత టేకు తలుపు ఉంది కదా అని వాడేముందు ఆలోచించుకోవాలి.

దుమ్ము సంగతి ఇంకా మొండిది. బంతి కింద ఒకదానికొకటి లంబంగా రెండు సన్నని రోలర్లు ఉంటాయి. బంతి పక్కకు దొర్లితే ఒకటి, ముందుకు దొర్లితే రెండోది తిరుగుతాయి. రోలర్ చివర సన్నని చీలికలున్న బిళ్ల ఒకటి తిరుగుతూ కాంతిని అడ్డగిస్తూ, వదులుతూ ఉంటుంది. పక్కపక్కనే ఉన్న రెండు కాంతి కళ్లలో దేనికి ముందు వెలుగు తగిలిందో చూసి, ఎటు తిరిగిందో కంప్యూటర్ తెలుసుకుంటుంది. చేతి జిడ్డు, దుమ్ము కలిసి రోలర్ల చుట్టూ నల్లటి పట్టీలా పేరుకుంటే బంతి జారుతుంది, గుర్తు గెంతుతుంది. కాబట్టి బంతిని తీసి తుడిచే వీలు లేకుండా ఎప్పుడూ బిగించకూడదు. పెట్టె అడుగు పలకకు జిగురు పెట్టొద్దు, స్క్రూలే చాలు.

ఆర్కేడ్ ట్రాక్‌బాల్ కొనాలంటే వేలల్లో మాట. చేతిలో పని ఉన్నవాళ్లు మూలనపడ్డ ఆప్టికల్ మౌస్‌తోనే కానిచ్చేస్తారు. బంతిని మూడు చిన్న బేరింగుల మీద నిలబెట్టి, మౌస్ కన్నును పైకి తిప్పి, బంతికి రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో అమర్చడమే. మరీ నున్నగా మెరిసే బంతి అయితే ఆ కన్నుకు ఆనవాలు దొరకదు, సన్నని గరుకు కాగితంతో రుద్దాలి. మౌస్ వెల్లకిలా పడింది కాబట్టి ఒక దిశ తారుమారవుతుంది. కుడికి తిప్పితే గుర్తు ఎడమకు పోతుంది. కంగారు పడక్కర్లేదు, మేమ్‌లో దిశను తిప్పే ఏర్పాటు ఉంది. కరెంటు కూడా యూఎస్‌బీ తీగ ఇచ్చే 5 వోల్టులే. పిల్లలకు షాక్ భయం లేదు.

పట్టుకోనక్కర్లేని ఆట

ఇంత శ్రమా ఎందుకు, మౌస్‌తో ఆడుకోవచ్చుగా అనొచ్చు. మౌస్‌ను వేళ్లతో పట్టుకోవాలి, చెయ్యంతా కదపాలి, కదలకుండా నొక్కాలి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకూ, చేతులు వణికేవాళ్లకూ ఆ మూడూ కష్టమే. భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న అనంతపురం పల్లెల్లో కీళ్లు బిగుసుకుపోయే ఫ్లోరోసిస్ కొత్త మాట కాదు. అలాంటి చేతులకు మూడంగుళాల బంతి ఎంతో నయం. పిడికిలితోనో, అరచేతి అంచుతోనో, చివరికి మోచేత్తో అయినా దొర్లించొచ్చు. చెయ్యి తీసి బొత్తాం నొక్కినా గుర్తు ఉన్నచోటే ఉంటుంది. ఇలాంటివాళ్ల కోసమే మైక్రోసాఫ్ట్ 2018లో ప్రత్యేకంగా ఓ గేమ్ కంట్రోలర్ తెచ్చింది. దాని ధర భరించలేని ఇంట్లో ఈ చెక్కపెట్టె పనికొస్తుంది. ఆటకే కాదు, చదువుకైనా, బొమ్మలు గీసుకోవడానికైనా.

బొత్తాల సంగతీ అంతే. మౌస్‌లో ఎడమ క్లిక్ దగ్గర ఉండే రెండు టంకం చుక్కల నుంచి తీగలు లాగితే, అరచెయ్యంత బొత్తాన్ని పెట్టెకు ఎక్కడైనా బిగించొచ్చు. చెయ్యి సహకరించకపోతే పాదం కింద పెట్టొచ్చు. బంతికి మరీ దగ్గరగా పెడితే మాత్రం దొర్లించేటప్పుడల్లా అనుకోకుండా నొక్కుకుపోతుంది, కనీసం జానెడు దూరం ఉండాలి.

రంధ్రం కోసే ముందు అట్టముక్కతో ఓ నమూనా పెట్టె చేసి, ఆడబోయేవాళ్లను కూర్చోబెట్టి చూడాలి. చాపమీద కూర్చునేవాళ్లకు నాలుగంగుళాల ఎత్తు సరిపోతే, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకు పెట్టె అడుగున పట్టీలు వేసి చేతులదాకా తేవాలి. చెయ్యి ఎక్కడ ఆగుతుందో ఆ చోట పెన్సిల్‌తో చుక్క పెట్టుకుంటే, అదే బంతి స్థానం.