తేటనీళ్ళన్నీ మంచినీళ్ళేనా?

పోయినసారి నేను పొడుపుకథలు రాసినాను. ఈసారి మా తొమ్మిదో తరగతి సైన్సులోని ద్రావణం, కాంజికాభం, అవలంబనం గురించి రాస్తాను. పేర్లు చూసి భయపడి పక్క కాగితానికి పోవద్దండీ. ఇది మన బిందెలో నీళ్ళ సంగతే.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. ఏడో తరగతి ఎండాకాలం సెలవుల్లో తాండాకు పోయినప్పుడు మా యాడికి (అమ్మకు) "బోరునీళ్ళు కాచి, గుడ్డతో వడగట్టి తాగాల" అని గట్టిగా చెప్పినాను. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. అందుకని యాడి మారుమాట అనలేదు. సెలవులన్నాళ్ళూ రోజూ ఇంకో మోపు కట్టెలు మోసింది. తమ్ముని పండ్ల మీద గోధుమరంగు చారలు ఇంక రావని నేను అనుకున్నా. మా బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువుందని తర్వాత పరీక్ష చేసినవాళ్ళు చెప్పినారు. కాచినా, వడగట్టినా అది పోదని ఈ పాఠం చదివినాకనే తెలిసింది.

ఎందుకు పోదు? ఒకరోజు రాత్రి స్టడీ అవర్‌లో కరెంటు పోయినప్పుడు మేము ముగ్గురం ఒక ప్రయోగం చేసినాము. మూడు గాజుగ్లాసుల్లో నీళ్ళు పోసి, ఒకదాంట్లో ఉప్పు, ఇంకోదాంట్లో నాలుగు చుక్కల పాలు, మూడోదాంట్లో గుప్పెడు ఎర్రమన్ను కలిపినాము. టార్చి ముందు చిన్న బెజ్జం పెట్టిన అట్టముక్క అడ్డం పెట్టి పక్కనుంచి చూసినాము. ఉప్పునీళ్ళలో వెలుతురు దారి అసలు కనపడలేదు. పాలనీళ్ళలో తెల్లని గీత మాదిరి కనపడింది. దీన్ని టిండాల్ ప్రభావం అంటారు. జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త 1869లో దీన్ని బాగా పరిశీలించినాడు. వంటింటి పొగలో ఎండ చారలు కనపడేదీ ఇట్లానే.

మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. కరిగిన ఉప్పు కణాలు ఒక నానోమీటరు కంటే చిన్నవి. అది ద్రావణం. ఎన్నాళ్ళు పెట్టినా అడుక్కు దిగదు, ఏ గుడ్డలోనూ నిలవదు. 1 నుంచి 1000 నానోమీటర్ల దాకా ఉండే కణాలు కలిస్తే కాంజికాభం. కాంజికం అంటే గంజి, గంజి లాంటిది కాబట్టి ఆ పేరు అని తెలుగు మేడమ్ చెప్పినారు. మన రాగి గంజి సంస్కృతంలో ఇంత పెద్ద పేరు పెట్టుకుందని ఆరోజు అందరం నవ్వినాము. అంతకన్నా పెద్ద కణాలు ఉంటే అవలంబనం. అది నిలబెడితే పేరుకుంటుంది, గుడ్డలో చిక్కుతుంది.

మూడో గ్లాసు మాత్రం మమ్మల్ని తికమక పెట్టింది. గంటసేపు పెడితే మన్ను అడుక్కు దిగింది గానీ పైన నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. టార్చి వేస్తే గీత కూడా కనపడింది! సారును అడిగితే, మన్నులో లావు రేణువులు అవలంబనం, సన్న బంకమన్ను కాంజికాభం, రెండూ ఒకే గ్లాసులో ఉన్నాయి అన్నారు. బంకమన్ను కణాలకు రుణావేశం ఉంటుంది. అందుకని ఒకదాన్నొకటి తోసుకుంటా తేలుతుంటాయి. పటిక వేస్తే దాంట్లోని అల్యూమినియం ఆ తోపులాట తగ్గిస్తుంది, కణాలు గుంపుకట్టి బరువై దిగుతాయి. మా అవ్వ కుంటనీళ్ళ కుండలో చిల్లగింజ అరగదీసేది కూడా ఇందుకే. అవ్వ ఏ బడికీ పోలేదు, నాకంటే ముందే కాంజికాభాన్ని దించింది.

ఇంక ఫ్లోరైడ్. మన లేపాక్షి బసవన్నను ఒకే గ్రానైటు బండలో చెక్కినారు కదా, ఈ సీమలో నేలకింద ఉండేదీ ఎక్కువగా అట్లాంటి రాయే. దాంట్లో కొన్ని ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. వానలు తక్కువై బోర్లు లోతుకు పోయేకొద్దీ, చానా ఏండ్లు రాతి సందుల్లో నిలిచిన నీళ్ళు పైకొస్తాయి. అన్నాళ్ళూ ఫ్లోరైడ్ వాటిల్లో కరుగుతానే ఉంటుంది. ద్రావణం కాబట్టి రంగు లేదు, రుచి తెలీదు, టార్చికి దొరకదు. కాచితే నీళ్ళు ఆవిరై పోతాయి, ఫ్లోరైడ్ కుండలోనే ఉండి ఇంకా చిక్కనవుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మేలంటారు, వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 దాకా. అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులో ఒకటిన్నర గ్రాము, అంతే! అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు గురించి డాక్టర్లు 1937లోనే రాసినారు.

అట్లని గుడ్డ పనికిరాదని కాదు. బంగ్లాదేశ్‌లో పాతచీర నాలుగు మడతలు వేసి వడగట్టిన ఊర్లలో కలరా సుమారు సగం తగ్గిందని 2003లో తేలింది. కలరా క్రిములు నీళ్ళలోని సన్నప్రాణులను అంటుకొని ఉంటాయి, అవి గుడ్డకు చిక్కుతాయి. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ క్రిమి కాదు, రేణువూ కాదు.

నాకు భలే నచ్చింది నల్లగొండ పద్ధతి. నాగపూర్‌లోని నీరి సంస్థవాళ్ళు 1970లలో కనిపెట్టినారు. సున్నం, పటిక నీళ్ళలో కలిపి బాగా తిప్పితే తెల్లని మెత్తని ముద్దలు పుడతాయి. కరిగి ఉన్న ఫ్లోరైడ్‌లో చానావరకు ఆ ముద్దలకు అంటుకుంటుంది. కాసేపటికి ముద్దలు అడుక్కు దిగుతాయి, పైనీళ్ళు వడగట్టుకోవచ్చు. అంటే ద్రావణంలో దాగినదాన్ని అవలంబనంలోకి లాగి పట్టుకోవడం. నీళ్ళు పరీక్ష చేసినాకనే ఎంత వేయాలో లెక్క కడతారు. ఎక్కువైతే అల్యూమినియం నీళ్ళలో మిగులుతుంది, కాబట్టి ఇంట్లో ఎవరూ అందాజాగా చేయొద్దు.

దసరాకు పోయి ఇదంతా యాడికి చెప్పినాను. కట్టెల సంగతికి కోప్పడుతుందేమో అనుకున్నా. "అట్లయితే వాననీళ్ళలో రాయి కరగలేదు కదే?" అని అడిగింది. నాకు తోచనిది ఆమెకు తోచింది. సారు కూడా అది నిజమే అన్నారు.

సంక్రాంతికి ఇంటికి పోయేవాళ్ళు మీ ఊరి తాగేనీళ్ళు ప్లాస్టిక్ సీసాలో ఒక్కొక్కటి తీసుకొని రండి. మీద ఊరి పేరు, బోరుదో కుంటదో రాయండి. సారు పరీక్ష కిట్టు తెప్పిస్తామన్నారు. రంగు మారేదాన్ని బట్టి ఎవరి ఊర్లో ఎంతుందో వచ్చే పత్రికలో రాస్తాను.