సిరాకు జిగి, బిగి



సిరాబుడ్డి వాడిన వారందఱును ఒక వింతను చూచియే యుందురు. మూత తీయగానే బుడ్డి కంఠముచుట్టును ఎండి పొలుసుకట్టిన సిరా కనబడును. లోపలిది నీలిసిరా. కాని ఆ పొలుసుపై వెలుతురు ఏటవాలుగా పడినపుడు కంటికి తోచునది నీలము కాదు. చింతపండుతో అప్పుడే తోమిన రాగిచెంబువంటి ఎఱ్ఱని మెఱుగు. తడిబట్టతో తుడిచినచో బట్టకు అంటునది మరల నీలమే. ఆ ఎఱుపు ఎచటనుండి వచ్చినది? ఎచటికి పోయినది?

ఈ మెఱుగునకు మనభాషలో జిగి యను చక్కని మాట కలదు. కవిత్వమును మెచ్చునపుడు పండితులు జిగియు బిగియు నని జంటగా చెప్పుదురు. జిగి యనగా కాంతి. బిగి యనగా సడలని పట్టు. సిరావ్రాతయందును చూడవలసినవి ఈ రెండే. జిగి ఎట్లు కలుగును, బిగి ఎట్లు కలుగును, మొదటిది మిక్కుటమైనచోట రెండవది ఏల కొఱవడును అనునది నేటి ప్రసంగవిషయము.

మంచి కాగితముపై, రంగు దట్టముగా కలిపిన సిరాతో, కొంచెము వెడల్పు పాళీగల కలముతో ఒక పంక్తి వ్రాసి ఆఱనిండు. అక్షరము వంపు తిరిగినచోటను, గీత ముగిసినచోటను సిరా కొంచెము నిలుచును. ఆఱిన పిమ్మట అక్షరము నీలముగానే యుండును. సిరా నిలిచినచోట మాత్రము నీలిపట్టుచీరకు ఎఱ్ఱని అంచు దిద్దినట్లు రాగికాంతి కనబడును. ఈ వేడుకకొఱకే ప్రత్యేకముగా చేసిన సిరాలు నేడు మనదేశమందును విదేశములందును దొరకుచున్నవి. సెల్‌ఫోనుల కాలమున కూడ ఊటకలముతో వ్రాయుటను మానని వారికి ఇది యొక ముచ్చట.

రంగులు మాఱు వస్తువులు మనకు క్రొత్తవి కావు. పడుగు ఒక వన్నెగను పేక వేఱొక వన్నెగను నేసిన పట్టుచీర కదలినపుడు రెండు రంగులును తోచును. అచట నిజముగా రెండు రంగుల దారములు కలవు. నెమలిపింఛము సంగతి వేఱు. దానిలో నీలిరంగు మందు ఏదియు లేదు. ఈక పోగులలోని అతిసూక్ష్మమైన నిర్మాణము వెలుతురును విఱిచి ఆ వన్నెలను పుట్టించుచున్నది. ఈకను మెత్తగా నూఱినచో నిర్మాణము చెడి గోధుమరంగు పొడి మిగులును. సిరాజిగి ఈ రెంటివంటిదియు కాదు. అందు ఉన్నది ఒక్కటే రంగు. అది తన లోపలినుండి ఒక వన్నెను, తన పైభాగమునుండి వేఱొక వన్నెను చూపుచున్నది.

దీనిని గ్రహించుటకు బంగారు రేకు మంచి దృష్టాంతము. మిక్కిలి పలుచగా సాగగొట్టిన రేకును ఎదుటనుండి చూచిన పసుపుపచ్చగా మెఱయును. దానినే దీపమునకు అడ్డముపెట్టి వెలుతురు దూసికొని వచ్చునట్లు చూచిన ఆకుపచ్చగా కనబడును. ఏ వన్నెను పైననే తిప్పికొట్టునో ఆ వన్నె లోపలికి పోదు; మిగిలినది మాత్రము ఆవలికి వచ్చును. దట్టమైన రంగుమందును ఇట్లే. నీలిమందు సూర్యకాంతిలోని ఎఱుపు, నారింజ వన్నెలను బలముగా మ్రింగును. అందుచేతనే అది నీలముగా కనబడుచున్నది. నీటిలో కలిసి విరళముగా నున్నంతకాలము ఆ మ్రింగుట యొక్కటే జరుగును. నీరు ఇగిరి మందు గడ్డకట్టిన పొరగా మాఱినపుడు, ఏ వన్నెను అతిగా మ్రింగునో ఆ వన్నెనే దాని పైముఖము లోహమువలె తిప్పికొట్టును. కనుక నీలిసిరాకు ఎఱ్ఱని జిగి. ఊదాసిరాకు ఆకుపచ్చనో బంగారువన్నెనో కలసిన జిగి. కొన్ని ఎఱ్ఱసిరాలకు పచ్చని జిగి. సిరా రంగునకు జిగి ఎదురువన్నె యని గుఱుతుంచుకొన్న చాలును.

ఇది మన పెద్దలకు తెలియని సంగతి కాదు. కడప, నెల్లూరు సీమలలో నీలితొట్లు నిండుగా నున్న కాలమున వర్తకులు నీలిమందు బిళ్లను గోటితో గీచి చూచెడివారు. గీచినచోట రాగివన్నె మెఱసిన అది మేలిసరకు. కడప నీలి కుర్పా యను పేరుతో విదేశపు బజారులలో అమ్ముడుపోయెడిది. 1897లో జర్మనీవారు రసాయనశాలలో చేసిన నీలిని బజారులోనికి తెచ్చిన తరువాత మన తొట్లు క్రమముగా ఎండిపోయినవి. గోటిగీత పరీక్షలో కనబడిన ఆ రాగివన్నెయే నేడు సిరాప్రియులు కాగితముపై వెదకుచున్న జిగి. కలరా దినములలో బావులలో కలిపిన పర్మాంగనేటు పలుకులను చూచినవారికి మఱియొక నిదర్శనము దొరకును. నీటిలో ఊదా, పలుకుమీద కంచువన్నె.

ఇక కాగితము సంగతి. ఒకే కలము, ఒకే సిరా, ఒకే చేయి అయినను, వార్తాపత్రిక అంచుమీద వ్రాసిన జిగి లేదు. మంచి ఉత్తరపు కాగితముపై వ్రాసిన జిగి కలదు. కారణము పీల్చుకొనుట. కాగితము నారపోగుల అల్లిక. అల్లిక విప్పుగా నున్న సిరా లోనికి ఊఱిపోయి పోగు పోగునకు పంచబడును. పైన పొర కట్టుటకు మందు మిగులదు. అందుచేత కాగితమునకు గంజివంటి పూత కావలయును. గంజిపెట్టిన పంచెమీద నీటిచుక్క కొంతసేపు నిలుచును. గంజిలేని పంచె వెంటనే త్రాగివేయును. పూర్వము దక్కనుదేశపు లేఖకులు చేతికాగితమునకు గంజిపూసి, ఆఱిన పిమ్మట నున్నని అకీకురాతితో రుద్ది మెఱుగుపెట్టెడివారు. కలము జాఱుటకును, సిరా ప్రాకకుండుటకును ఆ శ్రమ. నేటి మిల్లులలో, 1938లో స్థాపితమై 2014లో మూతపడి 2018లో మరల తెఱవబడిన మన సిర్పూరు కాగజ్‌నగరు మిల్లువంటి వానిలో, ఆ పని యంత్రములును రసాయనములును చేయును.

మందమైన కాగితమే మంచిదని పలువురు తలతురు. అది సరి కాదు. జిగి చూపుటలో లోకప్రసిద్ధి గాంచిన జపానుదేశపు తొమోయే రివర్ కాగితము చదరపు మీటరునకు 52 గ్రాముల తూకము మాత్రమే. మనము నకళ్లకు వాడు సామాన్యపు కాగితము 70 మొదలు 80 గ్రాముల వఱకు తూగును. పలుచని దానికి జిగి కలదు, మందమైన దానికి లేదు. పూతయే ప్రధానమని దీనివలన తేలుచున్నది. అట్లే తడివ్రాతపై అద్దుడుకాగితము నొత్తినచో జిగి నశించును. పైన నిలువవలసిన మందును అది ఎత్తుకొనిపోవును.

కాగితమువలె వెలుతురును ముఖ్యము. నేనిపుడు నివసించుచున్న జూబిలీహిల్సున ఈ సంగతి సినిమావారికి తెలిసినంతగా మఱెవ్వరికిని తెలియదు. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణా స్టూడియోను ఈ కొండలచెంత నెలకొల్పిరి. మదరాసున నున్న తెలుగు చిత్రపరిశ్రమ క్రమముగా ఇటకు తరలివచ్చినది. ఫిలింనగరు వెలసినది. చిత్రీకరణవేళ నటుని నొసట చెమట మెఱసినచో వెంటనే పౌడరు అద్దుదురు. చర్మము నున్నగా తడిసియున్నపుడు దీపకాంతి అద్దమునుండివలె ఒకే దిక్కునకు తిరిగివచ్చి కెమెరాకంటికి తగులును. పొడి అద్దినచో అదే కాంతి నలుదిక్కులకు చెదరిపోవును. నున్నని కాగితము చెమటపట్టిన నొసలు. గరుకు కాగితము పొడి అద్దిన నొసలు. నటుని ముఖమున వలదనుకొన్న దానినే మనము కాగితముపై కోరుకొనుచున్నాము. కావున సిరాజిగిని చూడగోరువారు కాగితమును తలకు సూటిగా పట్టక, కిటికీవైపు కొంచెము వంచి, వెలుతురు కాగితముమీదుగా జాఱి కంటికి చేరునట్లు పట్టవలెను. దీపము ఒక్కటే అయిన మఱియు మంచిది. కాగితమును కొద్దిగా కదల్చుచుండగా నీలము ఎఱ్ఱబాఱి మరల నీలమగును. ఇందుకు ధనమక్కఱలేదు. ఓపిక చాలును.

కలము విషయమున మనవారు గర్వింపదగినది కలదు. స్వదేశీదీక్ష బలముగా నున్న దినములలో, 1932లో, రాజమహేంద్రవరమున కె. వి. రత్నముగారు ఊటకలముల తయారీకి పూనుకొనిరి. వారు పంపిన స్వదేశీకలమును వాడిచూచి, బజారులోని విదేశపు కలములకు బదులుగా నిది పనికివచ్చునని మెచ్చుచు మహాత్ముడు 1935 జులైలో వారికి లేఖ వ్రాసెను. ఎబొనైటు కడ్డీని తరిమెనమీద చెక్కి చేతితో చేయు ఆ కలములలో సిరాను చుక్కలగొట్టముతో నేరుగా పోయుదురు. హైదరాబాదున ఆబిడ్సులో 1928 నాటి డెక్కన్ పెన్ స్టోర్సు కలములప్రియులకు చిరపరిచితమైన అంగడి. కలమేదైనను, సిరా ధారాళముగా దిగి పాళీ కొంచెము వెడల్పుగా నున్నపుడే జిగికి తగినంత మందు కాగితముపై చేరును.

ఇంతవఱకు జిగి. ఇక బిగి.

మందు పైన నిలిచినదనగా లోనికి దిగలేదన్నమాట. జిగికి కారణమైనదే బిగికి లోపము. అట్టి వ్రాత ఆఱుటకు జాగగును. ఆఱిన పిమ్మటను, వానకాలపు చెమ్మలో వ్రేలు సోకిన చెదరును. నీరు తగిలిన చాలవఱకు కరగిపోవును. తాటాకుమీద గంటముతో వ్రాసినపుడు అక్షరము ఆకులోనికే చెక్కబడెడిది. మసి పూసినది చదువుటకు మాత్రమే. మసి పోయినను గీత మిగిలెడిది. కాగితము వచ్చిన పిమ్మట మన పెద్దలు కరక్కాయలను నానబెట్టి ఆ కషాయములో అన్నభేది కలిపి సిరా చేసికొనిరి. కరక్కాయ వగరును అన్నభేదిలోని ఇనుమును కలిసి మొదట పలుచగా కనబడును. కాగితములోనికి దిగి గాలి సోకినకొలది నల్లబడి, నీటికి కరగని పదార్థముగా మాఱి, పోగులను పట్టుకొనును. పాశ్చాత్యుల పూర్వపు నీలినలుపు సిరాయు ఈ జాతిదే. వ్రాయుచున్నపుడు కనబడుటకై అందు నీలిమందు కలుపుదురు. దీనికి జిగి లేదు, బిగి కలదు. పులుపు హెచ్చైనచో పాళీని తినును, బహుకాలమునకు కాగితమునకును చేటు చేయును. అయినను అక్షరమును నిలుపును.

1986 ఆగష్టులో గోదావరికి మహోద్ధృతమైన వరద వచ్చినది. అప్పుడు నేను తీరగ్రామమున నొక పాఠశాలలో క్రొత్తగా చేరిన ఉపాధ్యాయుడను. నీరు తీసిన పిమ్మట బురదలోనుండి పుస్తకములను ఏఱి త్రాళ్లమీద ఆఱవేసితిమి. ఆ సంవత్సరపు హాజరుపట్టీలు నీలిసిరాతో వ్రాసినవి. పుట పుటయు లేతనీలపు మడుగై, పేరొక్కటియు మిగులలేదు. వానిక్రిందనే నానిన పాత ప్రవేశపట్టికలు, ఎన్నడో ఒక వృద్ధోపాధ్యాయుడు నీలినలుపు సిరాతో వ్రాసినవి, అంచులు చివికినను అక్షరము చెదరలేదు. పిదప కొందఱు పుట్టినతేదీ నిరూపించుకొనుటకు ఆ పట్టికలనే ఆశ్రయించిరి. ఒక బుడ్డికిని వేఱొక బుడ్డికిని గల భేదము మనుష్యుల జీవనమునకు ఎంత దగ్గఱిదో నాడు చూచితిని.

కావున పెద్దలకు నా మనవి. ఇంట రెండు బుడ్డీలు ఉంచుకొనుడు. మనుమనికి వ్రాయు ఆశీర్వాదపు లేఖకు, పెండ్లిశుభలేఖపై చేవ్రాలునకు, కంటి యానందమునకు జిగిగల సిరాను వాడుడు. పొలము కాగితములకు, వీలునామాకు, వంశవృక్షమునకు, అప్పుపత్రమునకు బిగిగల సిరానే వాడుడు. ఏది ఎట్టిదో తెలియనిచో అంగడివాని మాటను నమ్మనక్కఱలేదు. ఒక కాగితపుముక్కపై పేరు వ్రాసి, ఒకదినము ఆఱనిచ్చి, గిన్నెడు నీటిలో గడియసేపు ముంచి తీయుడు. మిగిలిన అక్షరమే మీ కాగితములపైనను మిగులును.

జిగి చూచి మెచ్చవలసినది. బిగి చూచి నమ్మవలసినది. రెంటిని ఎఱిగినవాడు ఒకదానిని రెండవదానిచోట నుంచడు.