చింతపండుతో తోమితే.. చేతికొచ్చేది చిల్లరే!

అటక మీది పాత రేకు డబ్బాలో నాలుగు రాగి నాణేలు దొరికాయనుకోండి. మీరు మొదట చేసే పనేంటి? 'అయ్యో, నల్లగా ఉన్నాయే' అనుకుంటారు. కాస్త చింతపండు, చిటికెడు ఉప్పు, రెండు నిమిషాల రుద్దుడు. తళతళా మెరిసిపోతాయి. ఫొటో తీసి స్టేటస్ పెట్టేస్తారు.

నేనూ అదే చేశా. బీటెక్ అయిపోయి, అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ కోర్సు ఫీజుకి డబ్బులు వెతుక్కుంటున్న రోజులవి. పండక్కి ఊరెళ్తే నానమ్మ డబ్బాలో ఆరు కాణీలు కనిపించాయి. 'ఇవి అమ్మితే ఫీజులో సగమైనా వస్తుంది' అని లెక్కలేసుకుని, ఆరింటినీ శుభ్రంగా తోమి హైదరాబాద్‌లో ఓ నాణేల ప్రదర్శనకు పట్టుకెళ్లా. అక్కడి వ్యాపారి భూతద్దం పెట్టి, దీపం కింద అటూ ఇటూ వంచి చూశాడు. ఒకటే ప్రశ్న: "ఎప్పుడు తోమారు బాబూ?"

నేను నోరు తెరిచేలోపే నాణేలు నా చేతిలో పెట్టేశాడు. "తోమకుండా తెచ్చుంటే మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడివి చిల్లర కిందే లెక్క."

ఇంజినీరింగ్ కెమిస్ట్రీలో కరోజన్ చాప్టర్‌కి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ని. అందులో చదివింది చేతిలోకి వచ్చేసరికి గుర్తుపట్టలేకపోయా!

అది మురికి కాదు

టంకశాల నుంచి అప్పుడే వచ్చిన రాగి నాణెం నారింజ కలిసిన ఎరుపులో ఉంటుంది. గాలి తగలగానే రాగి ఆక్సిజన్‌తో కలిసి క్యూప్రస్ ఆక్సైడ్ అనే పల్చటి పొర కడుతుంది. గాలిలోని తేమ, గంధకపు ఆవిర్లు కూడా తోడవుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఎరుపు కాస్తా గోధుమరంగులోకి, అక్కణ్నుంచి ముదురు చాక్లెట్ రంగులోకి దిగుతుంది. పొర మందాన్ని బట్టి కొన్నింటి మీద నీలం, ఊదా ఛాయలు కూడా ఆడతాయి. ఇలా సహజంగా మారే రంగునే నాణేల లోకంలో 'టోనింగ్' అంటారు.

ఇక్కడే అసలు కిటుకు. ఆ పొర బయట నుంచి వచ్చి అంటుకున్న దుమ్ము కాదు. నాణెం సొంత లోహమే అలా మారింది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఆ పొరను కరిగించేస్తుంది. అంటే పోయేది నాణెం పైచర్మమే. ఒకసారి పోతే మళ్లీ రాదు.

పచ్చటి చిలుము సంగతి వేరు. అది టోనింగ్ కాదు, జబ్బు. తేమతో పాటు క్లోరైడ్లు చేరితే లేత ఆకుపచ్చ పొడిలా మొదలై లోహాన్ని తినేస్తుంది. టోనింగ్ ఉన్న నాణెం నున్నగా, సమంగా కనిపిస్తుంది. చిలుము పట్టింది గరుకుగా, గుంటలు పడి ఉంటుంది. ఈ తేడా తెలిస్తే సగం పాఠం వచ్చేసినట్టే.

రెండక్షరాలు.. ధరలో బోలెడు తేడా

నాణేలకు 1 నుంచి 70 వరకు మార్కులేసే పద్ధతి ఉంది. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ దీన్ని తెచ్చాడు. అప్పట్లో దాన్ని తయారుచేసింది అమెరికా పాత రాగి సెంట్ల కోసమే! తర్వాత 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ సంస్థలు మొదలై, ఈ స్కేలును అన్ని నాణేలకూ వాడుతున్నాయి. 60, ఆపైన వచ్చాయంటే చలామణీలో అరగని నాణెమని అర్థం.

వెండి నాణేనికి మామూలుగా ఆ మార్కు చాలు. రాగికి దాని పక్కన రెండక్షరాలు కూడా చేరుస్తారు. పీసీజీఎస్ లెక్క ప్రకారం తొలినాటి ఎరుపు 95 శాతం, అంతకుమించి నిలిస్తే 'ఆర్‌డీ', అంటే రెడ్. 5 శాతం కూడా లేకపోతే 'బీఎన్', అంటే బ్రౌన్. మధ్యలో ఉన్నవన్నీ 'ఆర్‌బీ', అంటే రెడ్ బ్రౌన్. ఒకే ఏడాది, ఒకే మార్కు ఉన్న రెండు నాణేల్లో రెడ్‌కి ఎక్కువ ధర, బ్రౌన్‌కి తక్కువ. పాత నాణేల్లో ఈ తేడా కొన్నిసార్లు ఎన్నో రెట్లు. కారణం సింపుల్. రాగి ఎరుపును వందేళ్లు నిలబెట్టుకోవడం అరుదు.

అలాగని బ్రౌన్ అంటే చులకన కాదు. మచ్చలు పడ్డ ఎరుపు కంటే సమంగా పండిన గోధుమరంగు ముద్దనేవాళ్లు చాలామంది. పైగా ఎరుపు మాట తప్పుతుంది. ప్లాస్టిక్ పెట్టెలో సీల్ చేసినా రంగు మారే ప్రమాదం ఉంటుంది కాబట్టే, 2010 జనవరి నుంచి గ్రేడ్ చేసిన రాగి నాణేల రంగుకు పీసీజీఎస్ హామీ ఇవ్వడం మానేసింది.

ఒకే ఓడ.. రెండు రాతలు

ఉపరితలానికి ఎంత విలువో చెప్పడానికి మనకు దగ్గరి కథే ఉంది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలం. ఇక్కడ వాడకానికి ఈస్టిండియా కంపెనీ ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో 10, 20 కాసుల రాగి నాణేలు కొట్టించింది. 1808 ముద్ర ఉన్న ఆ నాణేలతో బయల్దేరిన 'అడ్మిరల్ గార్డనర్' ఓడ 1809 జనవరిలో ఇంగ్లండ్ తీరం దాటకుండానే గుడ్విన్ ఇసుక తిన్నెల దగ్గర మునిగిపోయింది. 1980ల్లో నాణేలను పైకి తీశారు.

ఆలోచించండి. ఒకే టంకశాల, ఒకే ఏడాది, ఒకే ఓడ. ఒక్కటీ సంతలో చేతులు మారలేదు, అరుగుదల సున్నా. అయినా అన్నిటి ధరా ఒకటి కాదు. పీపాల లోపల ఒకదానికొకటి అతుక్కుని ఉన్నవి నున్నగా నిలిచాయి. ఉప్పునీరు తగిలినవి గుంటలు పడ్డాయి. విలువను తేల్చింది ఆ పైపొరే.

దొంగ ఎలా దొరుకుతాడు?

అచ్చు దెబ్బకు లోహం కేంద్రం నుంచి అంచులకు పాకుతుంది. ఆ జాడలు కంటికి ఆనని గీతల్లా మిగులుతాయి. నాణేన్ని దీపం కింద తిప్పితే వెలుగు బండి చక్రం ఆకుల్లా గిర్రున తిరిగేది వాటివల్లే. తోమితే ఆ గీతలు పోతాయి. మెరుపు ఉంటుంది గానీ తిరగదు. రంగు నిర్జీవమైన గులాబీలోకి మారుతుంది. అక్షరాల సందుల్లో మాత్రం పాత నలుపు దాక్కుంటుంది.

అన్నిటికంటే తేలిక పరీక్ష ఇది: బొమ్మ అరిగిపోయి ఉన్నా నాణెం కొత్తదానిలా ఎర్రగా మెరుస్తోందంటే అనుమానించండి. అరిగేంత కాలం చేతులు మారిన రాగి ఎర్రగా ఉండదు. నా కాణీలు ఆ వ్యాపారి దగ్గర దొరికిపోయింది ఇక్కడే. ఇలాంటివాటికి గ్రేడింగ్ సంస్థలు సాధారణంగా మార్కు ఇవ్వవు. 'డీటెయిల్స్' అని రాసి, పక్కన 'క్లీన్డ్' అని కారణం చెబుతాయి.

మీ దగ్గరా ఉన్నాయా?

* తోమొద్దు, రుద్దొద్దు, పాలిష్ పొడి అసలే వద్దు. చిలుము కనిపిస్తే మిగతావాటి నుంచి వేరు చేసి, తెలిసినవాళ్లకు చూపించండి.
* అంచులు మాత్రమే పట్టుకోండి. వేలి చెమటలోని ఉప్పు ఇప్పుడు కనపడదు, కొన్ని నెలలకు ముద్రలా తేలుతుంది.
* మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టొద్దు. కాలక్రమంలో పచ్చటి జిగురు వదులుతాయి. మైలార్ కవర్లు, ఓ సిలికా జెల్ పొట్లం చాలు.
* 'మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి' అనే ప్రకటనల్ని నమ్మొద్దు. తన పేరుతో ఇలాంటి మోసాలు జరుగుతున్నాయని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.
* వందేళ్లు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తు చట్టం కిందికొస్తాయి. సొంతంగా విదేశాలకు పంపడం నేరం.

ఈ చూపుకు ఉద్యోగాలున్నాయా అంటే.. తక్కువే, కానీ ఉన్నాయి. మ్యూజియాల్లో లోహ వస్తువుల సంరక్షణ కెమిస్ట్రీ, మెటలర్జీ చదివినవాళ్లకు నప్పే పని. లఖ్‌నవూలో సాంస్కృతిక సంపద పరిరక్షణకు జాతీయ పరిశోధనాలయం ఉంది. నాసిక్ దగ్గర ఆంజనేరిలో నాణేల అధ్యయనానికే ఒక సంస్థ ఉంది. వాటి వెబ్‌సైట్లు ఓసారి చూడండి. నాణేలు అమ్మి ఫీజు కట్టేద్దామనే నాలాంటి ప్లాన్ మాత్రం వేసుకోకండి.

ఆ తర్వాతి పండక్కి ఊరెళ్తే, డబ్బా అడుగున మడతపెట్టిన పాత గుడ్డలో ఇంకో కాణీ దొరికింది. ముదురు చాక్లెట్ రంగు, అంచున కాస్త ఎరుపు. నానమ్మ చేతిలో పెట్టి, తోమడం వల్ల ఏం పోయిందో చెప్పా. కాసేపు దాన్నే చూసి, "అవి గిన్నెలా ఏంట్రా, తోమడానికి? నన్నడిగితే అప్పుడే చెప్పేదాన్నిగా" అంది.

అడగలేదు. అదే నా తప్పు. ఆ ఏడో కాణీ ఇప్పుడు నా దగ్గరే ఉంది. దాన్ని అమ్మలేదు, తోమలేదు.