తెర మసకబారితే తప్పు ఎక్కడుంది?

మానిటర్‌లో బొమ్మ ఉన్నట్టుండి పచ్చబడితే తెర పాడైపోయిందనే అనుకుంటారు చాలామంది. తీరా చూస్తే తెర నిక్షేపంగా ఉంటుంది. వెనక దూర్చిన నీలం ప్లగ్గులో ఒక పిన్ను వంగి ఉంటుంది, అంతే.

ఆ ప్లగ్గు పేరు వీజీఏ. 1987లో ఐబీఎం సంస్థ పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చింది. మూడు వరసల్లో 15 పిన్నులకు చోటుంటుంది. మొదటి పిన్ను ఎరుపును, రెండోది ఆకుపచ్చను, మూడోది నీలాన్ని మోస్తాయి. ఎరుపు అందకపోతే బొమ్మంతా నీలాకుపచ్చ, ఆకుపచ్చ అందకపోతే ఊదా గులాబీ, నీలం అందకపోతే పసుపు. చాలా కేబుళ్లలో తొమ్మిదో పిన్ను అసలు ఉండదు. అది లోపం కాదు.

అంతకుముందు నుంచీ ఉన్న డబ్బా మానిటర్ల జబ్బు వేరు. 1897లో ఫెర్డినాండ్ బ్రౌన్ రూపొందించిన గొట్టమే వాటికి మూలం. ఎలక్ట్రాన్ల ధార తెర మీది పూతను తాకితే వెలుగు పుడుతుంది. పక్కన స్పీకర్ పెడితే దాని అయస్కాంతం ఆ ధారను పక్కకు లాగి, మూలల్లో రంగు మరకలు వేసేది. డీగాస్ బటన్ నొక్కితే బొమ్మ ఒక్కసారి వణికి సర్దుకునేది.

పల్చటి తెరల కథ 1888లో ప్రేగ్‌లో మొదలైంది. వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ రైనిట్జర్ వేడి చేసిన ఒక పదార్థం 145.5 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగా కనిపించింది, 178.5 దగ్గర తేటపడింది. ఆ మధ్య స్థితే ద్రవస్ఫటికం. దానితో పనిచేసే తెరను 1968లో ఆర్‌సీఏ సంస్థ ప్రకటించింది.

ఈ తెరలో చుక్కల సంఖ్య మారదు. 1920×1080 తెరకు 1366×768 బొమ్మ పంపితే చుక్కకు చుక్క సరిపడక అక్షరాలు అలుక్కుపోతాయి. సెట్టింగ్స్‌లో తెర అసలు కొలత ఎంచుకుంటే చాలు. తెర నల్లగా ఉన్నా టార్చిలైటు ఏటవాలుగా వేసినప్పుడు బొమ్మ లీలగా కనిపిస్తే, పోయింది వెనకదీపం లేదా దానికి కరెంటిచ్చే భాగం.

తప్పెక్కడో తేల్చడానికి తేలిక దారి ఉంది. మానిటర్ బటన్ నొక్కి దాని మెనూ తెరవాలి. ఆ మెనూను మానిటరే గీస్తుంది. అది స్పష్టంగా ఉండి బొమ్మ మాత్రమే చెడితే లోపం కేబుల్‌లోనో కంప్యూటర్‌లోనో ఉన్నట్టు. మెనూ కూడా చెడితే మానిటర్‌దే.

మూత మాత్రం విప్పకండి. డబ్బా మానిటర్లలో 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా ఆ చార్జి నిలిచి ఉండొచ్చు. కొత్తది కొనేముందు ఇంకో కేబుల్ పెట్టి చూడండి. అప్పటికీ బాగుపడకపోతే పాత ఇనుప సామాన్లవాళ్లకు వేయకండి. డబ్బా తెర గాజులో సీసం, పాత పల్చటి తెరల దీపాల్లో పాదరసం ఉంటాయి. అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల కేంద్రానికే ఇవ్వండి.