హార్మోనియంలో ఆ జర్రుమనే చప్పుడు ఎక్కడిది?

ఈ సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం రాయమని వార్డెన్ సారు అడిగారు. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదలు. "ఫిజిక్స్ అంటే ఏందిరా?" అని మా అమ్మ అడిగితే ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఎక్కలేదు. పోయిన ఏడాది వార్షికోత్సవం రిహార్సల్లో జరిగిన సంగతి చెప్పాకే కొంచెం ఎక్కింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

పాటల కోసం ఊళ్లోని భజన మందిరం నుంచి హార్మోనియం అడిగి తెచ్చాం. మోసుకొచ్చింది ఎనిమిదో తరగతి తమ్ముడు. రాత్రి భోజనాలయ్యాక గదిలో వాయిస్తుంటే కొన్ని స్వరాల దగ్గర 'జర్‌ర్' మని, పగిలిన రేకు మీద ఈగ వాలి కొట్టుకున్నట్టు చప్పుడు. అంతే, అందరి చూపూ ఆ తమ్ముడి మీదికే పోయింది. "దారిలో పడేసినవ్ గదా" అని ఒకడు, "డబ్బులు కట్టాల్సిందే" అని ఇంకొకడు. వాడేమో "నేను పడెయ్యలే అన్నా" అని ఏడుపు. ఆ పెట్టె అక్కడి పెద్దాయన వాళ్ల నాన్న కొన్నదట. బాగు చేయించాలంటే ఎంతవుతుందో మాకెవరికీ తెలియదు. ఆ రోజు నేను పాటలు నేర్పడానికని వచ్చి ఉన్నాను.

ముందు హార్మోనియం ఎలా పలుకుతుందో చెబుతాను. ఈ వాద్యం మనది కాదు. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దబాన్ అనే ఆయన పేటెంటు తీసుకున్నాడు. అది కాలితో తొక్కేది. చేత్తో తిత్తి ఊదే చిన్న పెట్టెగా మారింది మన దేశంలోనే. పద్య నాటకం వాళ్లకూ, భజన వాళ్లకూ, చర్చీల్లో పాడేవాళ్లకూ ఇది ఎంత దగ్గరైందో మీకు తెలుసు. ఆకాశవాణి మాత్రం 1940 నుంచి చాలా ఏళ్లు దీన్ని లోపలికి రానివ్వలేదు. గమకం పలకదని కారణం చెప్పారు. సన్నాయికి, వీణకు ఉన్న వంపు దీనికి లేని మాట నిజమేగానీ, ముప్పై ఏళ్ల నిషేధం ఎక్కువేనని నా అభిప్రాయం.

పెట్టె లోపల మెట్టుకొక ఇత్తడి రీడు ఉంటుంది. డబుల్ రీడ్ పెట్టెలో రెండేసి ఉంటాయి. ఇత్తడి పలకలో సన్నటి చీలిక, దాని మీద ఒక కొస మాత్రం బిగించిన ఇత్తడి నాలుక. మెట్టు నొక్కితే గాలికి దారి తెరుచుకుంటుంది. ఆ గాలికి నాలుక చీలికలోకీ బయటికీ ఊగుతుంది. మధ్య స్థాయిలో ఒక స్వరానికి సెకనుకు 440 సార్లు ఊగితే, సరిగ్గా కింది స్థాయిలో అదే స్వరానికి 220 సార్లు ఊగుతుంది. నాలుకకూ చీలిక అంచుకూ మధ్య సందు వెంట్రుకంత. అక్కడ నలుసు పడినా, నాలుక కొంచెం పక్కకు జరిగినా అంచుకు తగిలి జర్రుమంటుంది.

అంటే తప్పు లోపలే ఉందనుకుని స్క్రూడ్రైవర్ అందుకోవాలి, అవునా? మా వాళ్లు అందుకున్నారు కూడా. నేను వద్దన్నాను. ముందు చాక్‌పీస్ తెమ్మని, ఒక్కో మెట్టూ మెల్లగా నొక్కుతూ జర్రుమన్న వాటి మీద గీత పెట్టించాను. మూడు తేలాయి. మధ్యలో ఒక తెల్ల మెట్టు, దాని కింది స్థాయిలో అదే స్వరం మెట్టు, కుడివైపు ఒక నల్ల మెట్టు.

మొదటి రెండిటినీ చూడండి. అవి వేరువేరు రీడులు. రెండూ ఒకేసారి చెడిపోవడం, అదీ ఒకే స్వరానివి కావడం కాకతాళీయం అనుకోవచ్చు. కానీ ఇంకో దారి ఉంది. 220 సార్లు ఊగే రీడు నుంచి 220 ఒక్కటే రాదు, 440, 660 కూడా సన్నగా కలిసి వస్తాయి. గదిలో 440 దగ్గర ఊగే గుణమున్న వస్తువు ఏదైనా ఉంటే పై మెట్టుకూ స్పందిస్తుంది, కింది మెట్టుకూ స్పందిస్తుంది. దీన్నే మన పుస్తకాల్లో అనునాదం అని రాశారు. పరీక్షకు అందరం ఉయ్యాల ఉదాహరణ రాస్తాం. మన బాటసింగారంలో అంతకంటే మంచి ఉదాహరణ హైవే మీదే ఉంది. పండ్ల మార్కెట్‌కు వచ్చే లారీ రోడ్డు పక్కన ఆగి ఇంజన్ నడుస్తుంటే కిటికీ అద్దం గిలగిల కొట్టుకుంటుంది, డ్రైవరు ఎక్సలేటర్ తొక్కగానే ఆగిపోతుంది. చప్పుడు పెరిగినా అద్దం ఊరుకుంటుంది. ఎందుకంటే దానికి నచ్చిన లెక్క తప్పింది. ఆరు సిలిండర్ల ఇంజను నిమిషానికి 600 చుట్లు తిరిగితే సెకనుకు 30 దెబ్బలు. తొక్కితే ఆ లెక్క మారుతుంది.

ఇది తేల్చడానికి ఒకటే పరీక్ష. హార్మోనియాన్ని ఎత్తి బయట గ్రౌండ్‌లో పెట్టాం. రెండు తెల్ల మెట్లూ శుభ్రంగా పలికాయి! నల్ల మెట్టు మాత్రం అక్కడా జర్రుమంది. అంటే చప్పుళ్లు రెండు. ఒకటి గదిది, ఒకటి పెట్టెది.

గ్రాండ్ పియానో బాగుచేసేవాళ్లకు ఈ వీలు లేదు. దాన్ని ఎత్తి బయట పెట్టలేరు. అందులో 200కు పైగా తీగలు, వాటి కింద పెద్ద చెక్క పలక. ఆ పలక మీద పెన్సిల్ పడి ఉన్నా, మూత బందు వదులైనా జర్రుమంటుంది. గోడమీది ఫోటో ఫ్రేమూ, దీపం గాజూ అన్నా అనొచ్చు. అందుకని ఒకరు మెట్టు నొక్కుతూ ఉంటే ఇంకొకరు గదంతా తిరిగి ఒక్కొక్క వస్తువునూ చేత్తో అదిమి చూస్తారు.

మేమూ అదే చేశాం. చెవిని నమ్మితే మోసపోతాం. నాలుగు గోడల మధ్య ఆగకుండా మోగే స్వరం ఎటునుంచి వస్తోందో చెప్పడం కష్టం. అందుకే డ్రాయింగ్ చార్టును గొట్టంలా చుట్టి, ఒక కొస చెవికి ఆనించి వెతికాం. 1816లో లేనెక్ అనే ఫ్రెంచి డాక్టరు కాగితాన్ని ఇలాగే చుట్టి రోగి గుండె విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. మా గొట్టం కిటికీలు, కంచాల బల్ల, ట్యూబ్‌లైటు అన్నీ తిరిగి ఒక ట్రంకు పెట్టె దగ్గర ఆగింది. తాళం వేయని గొళ్లెం రేకుకు తగిలీ తగలనట్టు వేలాడుతోంది. వేలు పెడితే చప్పుడు ఆగింది, తీస్తే మొదలైంది. పెట్టె ఎవరిదనుకున్నారు? "డబ్బులు కట్టాల్సిందే" అన్నవాడిది.

ఇక నల్ల మెట్టు. దాన్ని మేం విప్పలేదు. పొద్దున భజన మందిరం పెద్దాయనను పిలిచాం. ఆయన పైపలక తీసి, ఆ రీడు కింద పల్చటి కాగితం జరిపి, నాలుకను ఒక్కసారి మెల్లగా లేపి వదిలాడు. కాగితం మీద ఎర్రటి నలుసు. కుంకుమ! ప్రతి శనివారం పెట్టెకు బొట్టు పెడతారు, అది గాలితోపాటు లోపలికి పోయింది. "బ్లేడుతో గీకితే ఏమైతది తాతా?" అని అడిగితే "శ్రుతి పోతది" అన్నాడు. నిజమే, కొస దగ్గర గీకితే నాలుక బరువు తగ్గి స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే బిగువు తగ్గి స్వరం దిగుతుంది.

అన్ని జర్రులూ చెడ్డవి కావు. తంబురా గుర్రం మీద తీగ కింద దారప్పోగు పెట్టి కావాలనే ఆ జుమ్మనే నాదం తెప్పిస్తారు. చిన్నతనంలో విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1921లోనే వీణ, తంబురా గుర్రాల వంపు మీద పరిశోధన వ్యాసం రాశాడు. నోబెల్ రావడానికి 9 ఏళ్ల ముందు.

వార్షికోత్సవం అయ్యాక హార్మోనియం తిరిగి ఎవరు తీసుకెళ్లాలనే మాట వచ్చింది. పెద్దాయన ఆ ఎనిమిదో తరగతి తమ్ముణ్ణే పిలిచి నెత్తి మీద పెట్టాడు. ట్రంకు పెట్టెవాడు చెప్పకుండానే పక్కన నడిచాడు. వాడి గొళ్లేనికి ఇప్పుడు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది.